ఉపన్యాసమా, క్షేత్ర పర్యటనా? హైదరాబాద్ పురావస్తు అభిమానులకు ఎంపిక సలహా

నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. ఆ వారంలో మ్యూజియంలు, విశ్వవిద్యాలయాలు, సాహిత్య సంస్థలు వరసబెట్టి ఉపన్యాసాలు పెడతాయి. ఎండ తగ్గి పొలాల్లో తిరగడానికి అనువైన రోజులు మొదలయ్యేదీ అప్పుడే. అందుకే బస్సు కట్టుకుని పాత ఊళ్లకు తీసుకెళ్లే బృందాలు కూడా ఆ వారాంతాలనే ఎంచుకుంటాయి. శనివారం ఒక్కటే, పిలుపులు మాత్రం రెండు మూడు. ఏది వదులుకోవాలి?

సమయం, డబ్బు, ఓపిక మూడూ చూసుకోవాల్సినవే. వాటికన్నా ముందు మీకు ఏం కావాలో తేల్చుకోండి. ఏ కాలం తర్వాత ఏ కాలం వచ్చింది, ఆ సంగతి ఎలా తెలిసింది అన్నది గదిలో కూర్చుని వింటేనే బుర్రకెక్కుతుంది. నిలువురాయి ఎంత ఎత్తు, అక్కడి నుంచి ఏరు ఎంత దూరం, పాటిగడ్డ (పాత ఊరు శిథిలమై మిగిలిన దిబ్బ) మీద మట్టి చుట్టుపక్కల చేలకన్నా ఎందుకు బూడిద రంగులో ఉంది అన్నది అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. ఒకదానితో రెండోదాని పని జరగదు.

మా సలహా ఇది: ఉపన్యాసానికి మాట్లాడే మనిషిని చూసి వెళ్లండి, పర్యటనకు టైంటేబుల్ చూసి వెళ్లండి.

ఉపన్యాసాలను ఎలా వడపోయాలి

వక్త ఆ స్థలంలో ఏం పని చేశారో ముందు కనుక్కోండి. స్వయంగా తవ్వినవాళ్లు, శాసనం అచ్చు తీసి చదివినవాళ్లు, కట్టడాన్ని మరమ్మతు చేయించినవాళ్లు చెప్పే మాటకు, పుస్తకాలు చదివి చెప్పే మాటకు చాలా తేడా ఉంటుంది. తవ్వినవాళ్లు కందకం (తవ్వకం కోసం తీసిన గుంత) గోడ ఫొటో చూపిస్తారు. ఏ పొరలో ఏం దొరికిందో, ఎక్కడ ఏమీ దొరకలేదో కూడా చెబుతారు. ఏమీ దొరకని కందకం గురించి చెప్పే వక్తను గట్టిగా నమ్మొచ్చు.

అంశం ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. ‘తెలంగాణ ప్రాచీన వైభవం’ లాంటి పేరు పెట్టుకున్న ప్రసంగంలో ఫొటోలు గబగబా వెళ్లిపోతాయి, ఏదీ గుర్తుండదు. అదే 2024లో బౌద్ధ స్థలమైన ఫణిగిరిలో బయటపడ్డ నాణేల కుండ ఒక్కదాని మీద గంట మాట్లాడితే చాలా నేర్చుకోవచ్చు. ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు, ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (అడ్డం, నిలువు గీతల కొసలకు నాలుగు వలయాలు). అవి ఏ పొరలో ఉన్నాయి, కుండ దొరికిన చోట గది ఉందా, వసారా ఉందా, ఒకదానికొకటి అతుక్కున్న సీసాన్ని పాడవకుండా ఎలా విడదీస్తారు అనే మూడు ప్రశ్నలు చాలు, పురావస్తు పని ఎలా సాగుతుందో పట్టుబడడానికి.

భాష కూడా చూసుకోవాలి. తిలక్ రోడ్డులోని తెలంగాణ సారస్వత పరిషత్తు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల చరిత్ర సభలు ఎక్కువగా తెలుగులో నడుస్తాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం సెమినార్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, శ్రోతలకు ప్రాథమిక విషయాలు తెలుసని వక్త అనుకుంటారు. కొత్తవాళ్లు తెలుగు సభలతో మొదలుపెట్టి, ఒకట్రెండు స్థలాలు చూసొచ్చాక సెమినార్లకు వెళ్తే విన్నది దక్కుతుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి పనిరోజు సాయంత్రం గచ్చిబౌలి చేరాలంటే, అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటో పట్టుకోవడమే నయం. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికైతే అసెంబ్లీ మెట్రో స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు.

మన సభల్లో తరచూ జరిగే నష్టం ఒకటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పలుకులు, శాలువాలు అయ్యేసరికి అసలు వక్తకు మిగిలేది అరగంట, ప్రశ్నలకు సమయమే ఉండదు. ఆహ్వానంలో వేదిక మీది పేర్లు లెక్కపెట్టండి. అయిదారుగురికి మించి ఉంటే ప్రశ్నలు అడగడం కుదరదనుకునే వెళ్లండి, సభ అయ్యాక వక్తను పక్కన కలిసి అడగండి. ఒకే వక్త, ఒక అధ్యక్షుడు ఉన్న సభ దొరికితే వదలొద్దు.

అడగాల్సిన ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ కాలం ఎలా తేలింది? జవాబు నాలుగైదు రకాలుగా రావచ్చు. బొగ్గు, ఎముక, గింజ దొరికితే కార్బన్ పరీక్ష. కాలిన మట్టి పెంకు అయితే అది చివరిసారి ఎప్పుడు వేడెక్కిందో చెప్పే పరీక్ష. శాసనం అయితే అక్షరాల తీరు, రాజు పేరు, పాలనా సంవత్సరం. ఏదీ లేకపోతే, కాలం తెలిసిన నాణెం ఉన్న పొరకు పైనా కిందా అన్న లెక్క. ఒట్టి రాయిని చూసి దాన్ని ఎప్పుడు నిలబెట్టారో చెప్పలేం. రాతి వయసు వేరు, నిలబెట్టిన కాలం వేరు. నిలువురాళ్లకు కచ్చితమైన సంవత్సరం చెప్పే వక్తను ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే ప్రసంగాలు ఇంట్లోనే చూడొచ్చు. అయితే ప్రశ్న అడగడానికి వీలుండదు. పర్యటనకు ముందు సన్నాహంగా వాటిని వాడుకోండి, అంతకుమించి ఆశించొద్దు.

నగరంలోనే సగం రోజు

ఉపన్యాసానికీ దూర పర్యటనకూ మధ్య మూడో దారి ఇది. కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్లకు మేము మొదట చెప్పేదీ ఇదే. ఖర్చు తక్కువ, వాన పడితే ఇంటికి వచ్చేయొచ్చు.

రాష్ట్ర మ్యూజియంతో మొదలుపెట్టండి. శుక్రవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికీ అంతే. జనం మమ్మీని చూసి వెళ్లిపోతుంటారు. మీరు బౌద్ధ శిల్పాల గది, కంచు విగ్రహాల గది, నాణేల దగ్గర రెండు గంటలు గడపండి. తర్వాత ఎక్కడికి వెళ్లినా పోల్చి చూడడానికి ఆ రెండు గంటలు పనికొస్తాయి.

శాసనం చూడాలనుంటే నగరం దాటనక్కర్లేదు. చైతన్యపురి దగ్గర ఫణిగిరి కాలనీలో, మూసీ పక్కన కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న గుండు మీద విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. లిపి బ్రాహ్మి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు వెళ్తే రాతి మీద ఏమీ కనిపించదు, మోసపోయామనిపిస్తుంది. అక్షరం లోతు తక్కువ. వెలుతురు పక్క నుంచి, రాతిని రాసుకుంటూ పడితేనే గాడిలో నీడ నిలుస్తుంది. పొద్దున 8 లోపు, లేదా సాయంత్రం 4 దాటాక వెళ్లండి. టార్చ్ ఉంటే రాతికి దాదాపు ఆనించి, ఒక పక్కనుంచి వేసి నెమ్మదిగా తిప్పండి. ఎడమ నుంచి వేస్తే కనిపించని గీత పైనుంచి వేస్తే కనిపిస్తుంది, కాబట్టి నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో తీసుకోండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, పిండి చల్లడం అస్సలు చేయొద్దు. దిద్దినవాళ్లు తమకు తోచిన గీతనే దిద్దుతారు, తర్వాత చదివేవాళ్లకు తప్పు అక్షరం మిగులుతుంది. గుడిలో పూజలు జరుగుతుంటాయి. చెప్పులు విడిచి, పూజారిగారిని అడిగి వెళ్లండి.

గోల్కొండకు వెళ్తే చప్పట్ల ప్రతిధ్వని దగ్గరే ఆగిపోకుండా నీటి దారిని పట్టుకుని నడవండి. సున్నపు గోడల్లో పొదిగిన మట్టి గొట్టాలు విరిగిన చోట్ల బయటికి కనిపిస్తాయి. కిందనుంచి అంచెలంచెలుగా నీటిని పైకెక్కించిన తీరు ఆ గొట్టాల వెంట వెళ్తే అర్థమవుతుంది. దగ్గర్లోని కుతుబ్‌షాహీ సమాధులను 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి బాగుచేశాయి. 2013 వానలకు కూలిన పెద్ద బావిని తిరిగి కట్టారు. పునరుద్ధరణ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దగ్గర్లో లేదు.

సికింద్రాబాద్ హస్మత్‌పేటలో బృహత్ శిలాయుగపు (పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన కాలపు) రాతి వలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చుట్టూ కాలనీలు. ముందు ఏదైనా ప్రసంగం వినకుండా వెళ్తే అక్కడ రాళ్ల గుట్టలే కనిపిస్తాయి. పైన వలయం, మధ్యలో రాళ్ల కుప్ప, దాని కింద సమాధి అని తెలిసినవాళ్లకే అక్కడ చూడడానికి ఏమైనా ఉంటుంది.

ఒక్కరోజు బస్సు పర్యటన

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ‘ఒకే రోజులో అయిదు స్థలాలు’ అన్న కరపత్రం చూడగానే లాభంలా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి.

ఫణిగిరి హైదరాబాద్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు, సూర్యాపేట జిల్లా. పొద్దున 6:30కి బయలుదేరితే దారిలో టిఫిను, ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఆగడం కలుపుకుని 10 గంటలకు చేరతారు. చీకటి పడేలోపు ఊరు చేరాలంటే 3:30కి తిరుగు ప్రయాణం. మధ్యలో అయిదున్నర గంటలు. భోజనానికి గంట తీసేస్తే నాలుగున్నర. కొండ ఎక్కి మహాస్తూపం, చైత్యాలు, విహారాల పునాదులు వివరంగా చూడడానికే మూడు గంటలు కావాలి. ఇక మిగిలేది ఒక చిన్న స్థలానికి సరిపోయే సమయం. అయిదు చూపిస్తామంటే నాలుగు చోట్ల బస్సు దిగి ఫొటో దిగడమే. రోజుకు ఒక పెద్ద స్థలం, ఒక చిన్న స్థలం ఉన్న కార్యక్రమాన్నే ఎంచుకోండి.

ఫణిగిరికి వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తవ్వకం పూర్తయిన ఏ చోటైనా పునాదులే మిగులుతాయి. విలువైన శిల్పాలను ఆరుబయట వదిలేయరు. అక్కడి తోరణపు దూలం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లొచ్చింది. తోరణం ఫొటోలు, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం సంగతులు ముందే చూసి వెళ్తే, కొండ మీది ఖాళీ జాగాలో ఏది ఎక్కడ నిలబడి ఉండేదో ఊహించుకోగలరు.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్ ఇంకా సులువు. హైదరాబాద్ రాజ్యపు పురావస్తు శాఖ 1914లో ఏర్పడినప్పుడు దాని తొలి అధిపతి గులాం యజ్దానీ. ఆయన హయాంలోనే 1941–42లో ఇక్కడ తవ్వకాలు జరిగి శాతవాహనుల పట్టణం బయటపడింది. నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు అక్కడి మ్యూజియంలోనే ఉన్నాయి, పాటిగడ్డ పక్కనే ఉంది. వస్తువు, అది దొరికిన నేల ఒకేచోట చూసే అవకాశం నగరానికి ఇంత దగ్గర్లో మరోచోట కష్టం. పిల్లలతో వెళ్లేవాళ్లకు మొదటి పర్యటనగా దీన్నే చెబుతాం. కేంద్ర పురావస్తు శాఖ స్థల మ్యూజియాలకు శుక్రవారం సెలవు.

సొంత బండిలో వెళ్లేవాళ్లు ఫోన్ మ్యాపులో ఒట్టి ‘కొండాపూర్’ అని కొడితే హైటెక్ సిటీ పక్కకు చేరుస్తుంది. ‘ఫణిగిరి’కీ అదే ఇబ్బంది, చైతన్యపురి కాలనీ వస్తుంది. జిల్లా పేరు కలిపి వెతకండి.

నాగార్జునకొండ వేరే తరహా. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోకముందు 1954–60 మధ్య ఆ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి తరలించి మళ్లీ కట్టారు. ఇప్పుడది దీవి. రోజంతా లాంచీ వేళ మీదే ఆధారపడి ఉంటుంది, గాలి ఎక్కువైతే లాంచీ కదలదు. ప్రత్యామ్నాయ కార్యక్రమం ఏమిటని నిర్వాహకులను ముందే అడగండి. 2022లో తెరిచిన బుద్ధవనం (బౌద్ధ థీమ్ పార్కు) చూపిస్తామంటే అది కొత్త కట్టడం అని తెలిసే వెళ్లండి.

సీటుకు డబ్బు కట్టేముందు అడగాల్సినవి: వెంట వచ్చే నిపుణులు ఎవరు, ఒక్కొక్కరికి ఎంతమంది? పాతికమంది దాటితే వెనకవాళ్లకు వినపడదు, ఇరుకు చోట శాసనం చూడలేరు. నడక ఎంత, ఎక్కడం ఎంత? ఆడవాళ్లకు టాయిలెట్ ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పినవాళ్లు ఆ దారిలో ముందు వెళ్లి చూసొచ్చినవాళ్లే. వాన పడితే డబ్బు వాపసా, వాయిదానా?

రెండు రోజులు, దూరం

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. నిలురాళ్ల తిమ్మప్ప అని ఊరివాళ్లు పిలుచుకునే ఈ నిలువురాళ్లు 12 నుంచి 14 అడుగుల ఎత్తు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇక్కడ రాళ్ల వరసలకూ సూర్యుడి గమనానికీ పొంతన ఉందని, ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని చెప్పారు. ఆ వాదన మీద ఉపన్యాసం విని వెళ్తే ఒకలా, వినకుండా వెళ్తే ఇంకోలా కనిపించే చోటు ఇది. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే డిసెంబరు 21కి దగ్గరి వారాంతంలో రాత్రి దగ్గర్లో బస చేసి, సూర్యోదయానికి రాళ్ల మధ్య నిలబడి మీకు మీరే చూసుకోవచ్చు. ఒక్కరోజు పర్యటనలో ఇది కుదరదు, బస్సు చేరేసరికి పదకొండవుతుంది. రెండో రోజు ఆలంపూర్ చాళుక్య దేవాలయాలు కలుపుకోవచ్చు.

ఇంకో జత: వరంగల్ మీదుగా రామప్ప, పాండవుల గుట్ట. రామప్ప గుడి కట్టింది 1213లో, యునెస్కో జాబితాలో చేరింది 2021లో. పాండవుల గుట్టలోని రాతి చిత్రాలు చూడాలంటే బండల మీదికి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుట్టను వదిలి వరంగల్ కోటలో ఎక్కువసేపు గడపొచ్చు. రంగు బాగా కనిపిస్తుందని చిత్రాల మీద నీళ్లు చల్లే అలవాటు కొందరిలో ఉంది. నీటితో పాటు లవణాలు పైకొచ్చి తెల్లటి పొర కడుతుంది, చిత్రం శాశ్వతంగా మసకబారుతుంది. మీ బృందంలో ఎవరు చేసినా ఆపండి. కొండచరియలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి. సెంటు పూసుకోవద్దు, పొగ పెట్టొద్దు, కేకలు వేయొద్దు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, చీలమండ కప్పే బూట్లు, పూర్తి చేతుల నూలు చొక్కా. ఫొటోలో కొలత కోసం పది సెంటీమీటర్ల గీతలున్న అట్టముక్క.

అన్వేషణ బృందాలతో తిరగడం

కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటి అభిరుచి బృందాలు ఊళ్లు తిరిగి శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల స్మారక శిలలు), పాటిగడ్డలు గుర్తించి నమోదు చేస్తుంటాయి. ఇది పర్యటనకన్నా పై మెట్టు. చూపించేవాళ్లు ఉండరు, మీరే వెతకాలి. కనీసం అయిదారు మంచి ఉపన్యాసాలు విని, రెండు మూడు స్థలాలు చూశాకే చేరండి. లేకపోతే ఏం వెతకాలో తెలియక రోజు వృథా అవుతుంది.

కాలం విషయంలో ఇక్కడ లెక్క మారుతుంది. నవంబరులో పత్తి, కంది నిలబడి ఉంటాయి, నేల కనిపించదు. కోతలయ్యాక జనవరి చివర నుంచి మార్చి మొదలు దాకా దున్నిన చేలల్లో పెంకులు, పూసలు, ఇనుము కరిగించిన చిట్టెం పైకి తేలి ఉంటాయి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు కనిపిస్తే ఆగండి. కుండను బోర్లించి కాల్చినప్పుడు లోపలికి గాలి అందక నల్లబడుతుంది, బయట గాలి తగిలి ఎర్రబడుతుంది. బృహత్ శిలాయుగపు సమాధుల దగ్గర ఇలాంటివి ఎక్కువ. దాన్ని తీయకుండా కొలత అట్ట పక్కన పెట్టి ఫొటో తీయండి, ఫోన్‌లో స్థానం నమోదు చేయండి, అక్కడే వదిలేయండి. జేబులో వేసుకున్న పెంకు ఎక్కడిదో చెప్పలేని మట్టిముక్క అయిపోతుంది. నాణెం, విగ్రహం లాంటివి బయటపడితే సంగతి ఇంకా గట్టిది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. పాతవస్తువుల కొనుగోలు, ఎగుమతులపై 1972 చట్టం ఉంది.

ఊరివాళ్లతో మెలగడమే అన్నిటికన్నా ముఖ్యం. గుప్తనిధుల కోసం రాత్రిళ్లు గుళ్లు, సమాధులు తవ్వినవాళ్లను చూసి విసిగిన ఊళ్లు చాలా ఉన్నాయి. ముక్కూమొహం తెలియని పదిమంది చేలల్లో వంగి వెతుకుతుంటే అనుమానం రావడం న్యాయమే. ముందుగా పంచాయతీ కార్యాలయంలో చెప్పండి, చేను ఎవరిదో ఆ రైతును అడగండి, వీలైతే ఊరి పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. గడ్డపార, పార, లోహాలు పట్టే యంత్రం బండిలో కూడా ఉంచొద్దు. డ్రోన్‌కు రక్షిత స్థలాల్లో అనుమతి తప్పనిసరి. ఊళ్లలో ఆ కాలపు సమాధులను పిలిచే పేరుతో ‘రాకాసి గుళ్లు ఎక్కడున్నాయి’ అని అడిగితే పశువుల కాపరులు చూపించినంత కచ్చితంగా ఏ మ్యాపూ చూపించదు. బృహత్ శిలాయుగం అంటే మాత్రం ఎవరికీ అర్థం కాదు.

ఎవరికి ఏది

చదువుకునే పిల్లలున్న ఇంటికి రాష్ట్ర మ్యూజియం ఒక ఆదివారం, సంగారెడ్డి కొండాపూర్ మరో ఆదివారం. ఎక్కువ నడవలేని పెద్దలకు ఉపన్యాసాలు, వాటితో పాటు సాలార్‌జంగ్. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పర్యటనల మీద సమయం పెట్టనక్కర్లేదు, తవ్వినవాళ్ల ప్రసంగాలు నాలుగు వింటే చాలు. ఫొటోలు తీసేవాళ్లు బృందంతో వెళ్తే వెలుతురు దొరకదు. ఇద్దరు ముగ్గురు కలిసి సొంతంగా, తెల్లవారేసరికి అక్కడ ఉండేలా వెళ్లాలి.

నవంబరు వారోత్సవాల్లో ఉపన్యాసం, డిసెంబరు లేదా జనవరిలో అదే స్థలానికి పర్యటన కుదిరితే అంతకు మించింది లేదు. వారోత్సవాలు తప్పిపోతే ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, మే 18న మ్యూజియం దినోత్సవం ఉన్నాయి, అప్పుడూ సభలు పెడతారు. ఎండలకు బస్సు పర్యటనలు ఆగిపోయే రోజులు కాబట్టి ఆ రెండు నెలలు వినడానికే కేటాయించండి, రాబోయే చలికాలంలో ఎక్కడికి వెళ్లాలో అక్కడ కలిసిన వక్తలనే అడిగి రాసుకోండి.